సిద్ధప్ప చేతులు

విరూపాక్షయ్యగారికి కోపం వస్తే గొంతు పెరిగేది కాదు, తగ్గేది. ఎంత తగ్గితే అంత కోపమని ఆశ్రమంలో ఉన్న పదిహేనుమందికీ తెలుసు. ఆయనకు ఇంకొక అలవాటు కూడా ఉండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా శాస్త్రం విప్పేవారు కాదు, వాదం పెట్టుకునేవారు కాదు. ఎప్పుడో ఎక్కడో జరిగిన ఒక సంగతి చెప్పి ఊరుకునేవారు. ఆ సంగతికీ ప్రశ్నకీ సంబంధం వెతుక్కోవడం అడిగినవాళ్ళ పని. నేను ఆయన దగ్గర పదకొండేళ్ళు ఉన్నాను. పక్కన కూర్చున్నవాడికి కూడా సరిగ్గా వినబడనంతగా ఆయన గొంతు దిగిపోయింది ఆ పదకొండేళ్ళలో ఒక్కసారే. ఆ రోజు సంగతి ఇది.

సుదర్శనం అని ఒక శిష్యుడు ఉండేవాడు. కాలేజీలో మనస్తత్వ శాస్త్రం చెప్పి, ఉద్యోగం చాలించుకుని వచ్చినవాడు. చెడ్డవాడు కాదు. తను చదువుకున్నది పదిమందికీ ఉపయోగపడాలని ఆరాటపడేవాడు, అంతే. ఒకరోజు అతను మా అందరికీ తలా ఒక కాగితం పంచాడు. దాని మీద అరవై మాటలు ఉన్నాయి. ధైర్యం, పట్టుదల, పోటీతత్వం, పెత్తనం, జాలి, సౌమ్యత, ఓర్పు, ఇతరుల బాధకు కరగడం, ఇలాంటివి. ఒక్కో గుణం మనలో ఎంత ఉందో ఒకటి నుంచి ఏడులోపు అంకె వేయాలి. వాటిని కూడితే మగ గుణాలు ఎక్కువ ఉన్నవాళ్ళెవరో, ఆడ గుణాలు ఎక్కువ ఉన్నవాళ్ళెవరో, రెండూ సమంగా ఉన్నవాళ్ళెవరో, రెండూ లేనివాళ్ళెవరో తెలుస్తుందట. మేం సరదాగా నింపి ఇచ్చాం. మర్నాడు మధ్యాహ్నం భోజనాల బంతిలో సుదర్శనం ఫలితాలు పైకి చదివాడు. కేశవులు పేరు వచ్చింది. కేశవులు ఆరడుగుల మనిషి, ఒకప్పుడు లారీ నడిపినవాడు. ఐదేళ్ళుగా ఆశ్రమం వైద్యశాలలో రోగుల పుళ్ళు కడిగి, తినలేనివాళ్ళకు ముద్దలు కలిపి పెట్టి, లేవలేనివాళ్ళను చేతుల మీద ఎత్తుకుని ఎండలో కూర్చోబెట్టేవాడు. అతని అంకెలన్నీ ఆడవైపే పడ్డాయి. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదని సుదర్శనం వివరంగానే చెప్పాడు. కానీ వివరణ ఎవరు వింటారు. బంతి బంతంతా నవ్వింది. సీమంతం ఎప్పుడని ఎవరో అడిగారు. కేశవులు కూడా నవ్వాడు. మర్నాడు పొద్దున వైద్యశాలకు పోకుండా పశువుల కొట్టంలోకి పోయి చొప్ప నరకడం మొదలుపెట్టాడు. అతను మళ్ళీ వైద్యశాల గడప తొక్కడానికి నాలుగు నెలలు పట్టింది. ఆ మాట ఇక్కడే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఇది అతని కథ కాదు.

కేశవులు కొట్టంలోకి పోయిన ఆ రోజు సాయంత్రం గురువుగారు వసారాలో కూర్చుని వేరుశనక్కాయలు ఒలుస్తున్నారు. నేను ఎదురుగా కూర్చుని పొట్టు చెరుగుతున్నాను. సుదర్శనం వచ్చి నమస్కారం చేసి కూర్చుని అడిగాడు.

“గురువుగారూ, ఈ గుణాలు ఆడవాళ్ళకు వేరుగా, మగవాళ్ళకు వేరుగా పుట్టుకతోనే వస్తాయా, లేక మనం పంచిపెట్టినవా? రెండూ కలిసి ఉన్న మనిషి నిండు మనిషా, ఎటూ కానివాడా? చదువుకున్నవాళ్ళలో రెండు అభిప్రాయాలూ ఉన్నాయి. మీరేమంటారు?”

 గురువుగారు, వైద్యశాలలో పక్షవాతంతో పడి ఉన్న ముసలాయన పక్కబట్టలు ఈవేళ ఎవరు మార్చారని అడిగారు. సుదర్శనం తనకు తెలియదన్నాడు. నాకు తెలుసు. మధ్యాహ్నం దాకా ఎవరూ మార్చలేదు. ఆయన తడిసిన పక్క మీదే పడి ఉన్నాడు. ఆ మాట నేను చెప్పాను. గురువుగారి చెయ్యి ఆగింది. ఒలిచిన గింజలు గిన్నెలో పోసి, చేతులు దులుపుకుని, చాలా చిన్న గొంతుతో చెప్పడం మొదలుపెట్టారు. ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాస్తున్నాను.

నాకు ఇరవైనాలుగేళ్ళప్పుడు నల్లబోయినపల్లెలో బడి అయ్యవారిగా ఉండేవాణ్ణి. కొత్తగా పెళ్ళయింది. సుభద్రా నేనూ బడి పక్కనే చిన్న ఇంట్లో ఉండేవాళ్ళం. ఆ ఊళ్ళో చదువుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఉత్తరం వచ్చినా, కోర్టు కాగితం వచ్చినా, తగాదా వచ్చినా నా దగ్గరికే వచ్చేవాళ్ళు. నాలుగు మాటలు పొందికగా చెప్పడం చేతనవును. చెప్పాక విన్నవాళ్ళ ముఖాలు చూసి మురిసిపోవడం ఇంకా బాగా చేతనవును.

ఆ ఊళ్ళో సిద్ధప్ప అనే గొర్రెల కాపరి ఉండేవాడు. నలభై ఏళ్ళుంటాయి. తలుపంత ఛాతీ. ఒకసారి మంద మీద పడ్డ తోడేలును ఒంటి చేత్తో కర్ర పెట్టి కొట్టి చంపాడు. అది కరిచిన గుర్తు భుజం మీద ఉండేది. ఊళ్ళో మగవాళ్ళు ఆ గుర్తు చూపించి పిల్లలకు కథ చెప్పేవాళ్ళు. అయితే అదే మనిషి, గొర్రె ఈనలేక అవస్థపడుతుంటే దాని పక్కన గంటల తరబడి కూర్చునేవాడు. పిల్ల అడ్డం తిరిగితే చేతికి ఆముదం రాసుకుని, లోపల తడిమి, తల ఎక్కడుందో కాళ్ళెక్కడున్నాయో వేళ్ళతోనే తెలుసుకునేవాడు. లాగేవాడు కాదు. గొర్రె ముక్కినప్పుడే చెయ్యి కదిలించేవాడు. అది ఆగితే తనూ ఆగేవాడు. అమ్మా, ఇంకొంచెం తల్లీ, అని దాని చెవిలో చెబుతూ ఉండేవాడు. మిగతా కాపరులు కాళ్ళు పట్టుకుని గుంజేవాళ్ళు. వాళ్ళ మందలో పిల్లలు చచ్చేవి, తల్లులు చచ్చేవి. సిద్ధప్ప మందలో చచ్చేవి కావు. ఈ సంగతి అందరికీ తెలుసు. కానీ ఎవరూ కథగా చెప్పేవాళ్ళు కాదు. చెబితే నవ్వుతూ చెప్పేవాళ్ళు.

ఆ ఏడు వానాకాలంలో ఊరిపెద్ద తిమ్మారెడ్డి కోడలు పుల్లమ్మ పుట్టింటి నుంచి బండిలో వస్తూ వంక దగ్గర ఆగిపోయింది. వంక పొంగి పారుతోంది. ఊరూ మంత్రసానీ అవతలి ఒడ్డున. ఇవతల బండిలో పుల్లమ్మ, ఆమె అత్త, బండి తోలే మనిషి. అక్కడే నొప్పులు మొదలయ్యాయి. బిడ్డ ఎదురుకాళ్ళతో వస్తోంది. ఒక కాలు బయటికి వచ్చి, రెండోది లోపలే ఉండిపోయింది. బండి తోలే మనిషి తను చూడకూడదని దూరంగా పోయి వీపు తిప్పుకుని నిలబడ్డాడు. అత్తకు ఏం చేయాలో తోచలేదు. సిద్ధప్ప మందను ఆ పక్కనే బండ కింద నిలిపి ఉన్నాడు. పుల్లమ్మ అరుపులు విని వచ్చాడు. ఆ అత్తే, తిమ్మారెడ్డి భార్యే, అతని రెండు చేతులూ పట్టుకుంది. గొర్రెకు చేసేది నా కోడలికి చెయ్యి నాయనా అంది. అతను చేశాడు. రెండో కాలు వెతికి పట్టాడు. గుంజలేదు. పుల్లమ్మ ముక్కినప్పుడు సాయం పట్టాడు, ఆగినప్పుడు ఆగాడు. చాలాసేపు పట్టింది. తల్లీ బిడ్డా ఇద్దరూ బతికారు. తన గొంగడిలో బిడ్డను చుట్టి అత్త చేతికిచ్చి, వంక నీళ్ళలో చేతులు కడుక్కుని, మంద దగ్గరికి వెళ్ళిపోయాడు.

మొదటి రెండు రోజులు ఊళ్ళో అందరూ మంచిగానే మాట్లాడారు. మూడో రోజు ఎవరో అన్నారు, మగవాడు ఆ చోట చెయ్యి పెట్టడమేమిటని. నాలుగో రోజు ఇంకెవరో అన్నారు, అతని చేతులు ఆడంగి చేతులని. వారం తిరిగేసరికి తిమ్మారెడ్డికి తన ఇంట్లో బతికిన బిడ్డ కనబడలేదు, తన ఇంటికి జరిగిన అవమానం కనబడింది. సిద్ధప్పను చావడికి పిలిపించారు. ఊరు ఊరంతా వచ్చింది. ఉలిగమ్మ అని ముసలి మంత్రసాని, ఆమె కూడా వచ్చింది. అతను పోకపోతే రెండు శవాలు మోసేవాళ్ళు, బిడ్డ బతికిందని మీకు కోపమా, అని ఆమె నేరుగా తిమ్మారెడ్డినే అడిగింది. ఆమెను నోరు మూసుకోమన్నారు. సిద్ధప్ప చేతులు పట్టుకుని బతిమాలిన అత్త ఆడవాళ్ళ మధ్య తల వంచుకుని కూర్చుంది. ఒక్క మాట మాట్లాడలేదు.

తిమ్మారెడ్డి నా వైపు తిరిగాడు. “అయ్యవారూ, చదువుకున్నోళ్ళు మీరు. ఇది మగోడు చేసే పనేనా? మీరే చెప్పండి,” అన్నాడు.

నేను లేచి నిలబడ్డాను. అంతమంది నా నోటి వైపు చూస్తున్నారు. బిడ్డ బతికింది కదా అనే మాట నాలుక మీదికి వచ్చింది. అది మరీ మామూలు మాటగా అనిపించింది నాకు. ఆ మాట ఉలిగమ్మ అప్పటికే అనేసింది కూడా. అందుకని గొంతు సవరించుకుని ఇలా అన్నాను. “ధైర్యం మగవాడి సొత్తు, ఓర్పు ఆడదాని సొత్తు. ఒకరి సొత్తు మీద ఇంకొకరు చెయ్యి వేస్తే ఏ ఇల్లూ నిలవదు.” అదేమీ నేను చదివిన మాట కాదు. అప్పటికప్పుడు అల్లింది. ఎంత బాగా కుదిరిందో చూడండి. చావడి అంతా తలలూపింది. ఆ ఊళ్ళో ఏళ్ళ తరబడి ఆ మాట చెప్పుకున్నారు, మన అయ్యవారు అన్నాడని.

శిక్ష ఏమిటంటే చీర కట్టి, గాజులు తొడిగి, చేతికి వేపమండలిచ్చి, డప్పు కొడుతూ ఊరు చుట్టూ తిప్పడం. సిద్ధప్ప తలుచుకుంటే అక్కడున్న పదిమందిని విసిరి అవతల పారేసేవాడు. ఏమీ చేయలేదు. నన్నొక్కసారి చూశాడు. బహుశా నా మాటే నిజమేమో అనుకున్నాడు. అతని లావు చేతులకు గాజులు ఎక్కలేదు. నలుగురు పట్టుకుని బలవంతాన తోశారు. మూడు పగిలి మణికట్టు దగ్గర రక్తం కారింది. ఊరంతా తిరిగి వచ్చాక అతను చావడి మెట్టు మీద కూర్చుని, దీపం కుందిలోంచి ఇంత నూనె తీసి రాసుకుని, ఒక్కొక్క గాజూ నెమ్మదిగా తీసి వరసగా పెట్టాడు. ఒక్కటీ పగల్లేదు. అవి ఎవరివో వాళ్ళకు ఇచ్చేయండని చెప్పి పోయాడు. నేను అక్కడే ఉండి చూశాను. ఆ చేతుల్లో ఏముందో ఆ క్షణం నాకు అర్థమైంది. అర్థమైనా ఇంటికి వెళ్ళి అన్నం తిన్నాను. 

ఆ తరవాత సిద్ధప్ప మారిపోయాడు. గొర్రెల మీద చెయ్యి వేయడం మానేశాడు. పిల్ల అడ్డం పడితే తక్కిన కాపరుల్లాగే కాళ్ళు పట్టి గుంజేవాడు, లేకపోతే చూస్తూ నిలబడేవాడు. ఆ చలికాలంలో అతని మందలో పదకొండు తల్లిగొర్రెలు చచ్చాయి. సారాయి మొదలుపెట్టాడు. అంతకుముందు ఎన్నడూ లేనిది, పెళ్ళాన్ని కొట్టాడు. ఆమె దెబ్బలతో బావి దగ్గరికి వస్తే చావడి మీద మగవాళ్ళు చూసి, సిద్ధప్ప ఇన్నాళ్ళకు దారిలో పడ్డాడని అన్నారు. నా చెవులతో విన్నాను. ఒక మనిషిలో సగాన్ని నరికేసి, మిగిలిన సగం నెత్తురోడుతుంటే, ఇప్పుడు పూర్తి మగవాడయ్యాడని సంతోషించారు. ఆ నరికిన కత్తికి పదును పెట్టినవాణ్ణి నేను. అయినా నా బడి నేను చెప్పుకుంటూ ఉన్నాను.

రెండో ఏడు సుభద్రకు నెలలు నిండాయి. ఉలిగమ్మ ఆ వేసవిలోనే పోయింది. పొరుగూరి మంత్రసానిని పిలిపించాం. పొద్దున నొప్పులు మొదలయ్యాయి. ఎదురుకాళ్ళు. ఆ మంత్రసానికి గుంజడమే తెలుసు. రెండుసార్లు గుంజింది. సుభద్ర తలుపు సందులోంచి నన్ను పిలిచి, సిద్ధప్పను పిలుచుకు రమ్మంది. అప్పటికి ఇంకా పొద్దు నెత్తి మీదికి రాలేదు. నేను సరేనన్నాను. అని వీధిలోకి వచ్చాను. మా అరుగు మీద తిమ్మారెడ్డీ మరో ఆరుగురూ కూర్చుని ఉన్నారు, అయ్యవారికి తోడుగా ఉందామని. వాళ్ళను దాటుకుని సిద్ధప్ప ఇంటికి పోవాలి. పోలేకపోయాను. మంత్రసాని చూస్తోంది కదా అనుకున్నాను. దేవుడున్నాడు కదా అనుకున్నాను. పొద్దు వాలేదాకా ఏవేవో అనుకుంటూనే ఉన్నాను. సుభద్ర అరుపులు ఆగిపోయి మూలుగు మొదలైనప్పుడు, ఊరి బయట నుంచి చుట్టుతిరిగి, పరుగున పోయి అతన్ని పిలిచాను.

అతను ఏమీ అడగలేదు. చెయ్యి మరిచిపోయింది అయ్యవారూ, అయినా చూస్తాను, అన్నాడు. ఆముదం గిన్నె తీసుకుని నాతో వచ్చాడు. వీధి మొదట్లో అరుగు మీద వాళ్ళు కనబడగానే నా కాళ్ళు ఆగిపోయాయి. అతనూ ఆగాడు. నేనేం చెబుతానోనని నా ముఖం చూశాడు. అప్పుడు నేను అతని చెవి దగ్గర నోరు పెట్టి అన్నాను. “వెనక తలుపు నుంచి రా.”

అతను నన్ను ఒక చూపు చూసి, కంచె వైపు తిరిగాడు. పెరటి కంచె దాటి వెళ్ళేసరికి వెనక తలుపు లోపల గడియ వేసి ఉంది. తట్టాడు. లోపలి ఆడవాళ్ళు ఎవరని అడిగారు. చెప్పాడు. తీయడమా మానడమా అని వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకున్నారు. అయ్యవారు పంపించాడా అని అడిగారు. పంపించాడన్నాడు. అయితే అయ్యవారినే వచ్చి చెప్పమన్నారు. అయ్యవారు ముందు వైపు, అరుగు మీదివాళ్ళ మధ్య, ఏమీ ఎరగనట్టు నిలబడి ఉన్నాడు. చివరికి సుభద్రే ఉన్న శక్తంతా కూడదీసుకుని, తలుపు తీయకపోతే నేను పాకుతూ వచ్చి తీస్తానని అంది. అప్పుడు తీశారు. సుభద్ర బతికింది. బిడ్డ బతకలేదు. ఆడపిల్ల. ఇంకొక్క అరగంట ముందు వచ్చి ఉంటే ఊపిరి ఉండేదని అతను తరవాత ఎప్పుడో, నేను అడగ్గా అడగ్గా, చెప్పాడు.

ఆ రోజు, నేనింకా అరుగు దగ్గరే ఉండగా, లోపల నుంచి ఏడుపు వినిపించింది. ఆడగొంతు కాదు. ఆ బిడ్డను రెండు అరచేతుల్లో పెట్టుకుని సిద్ధప్ప ఏడుస్తున్నాడు. దాచుకోకుండా, ఆపుకోకుండా, తన కడుపున పుట్టిన బిడ్డ పోయినట్టు ఏడుస్తున్నాడు. ఆ గొంతుతో అతను లోపల ఉన్నాడని అరుగు మీదివాళ్ళకూ తెలిసిపోయింది.  అందరూ నా వైపు చూశారు. నేను చేతులు వెనక్కి కట్టుకుని, వీధి చివర ఎటో చూస్తూ నిలబడ్డాను. కంట తడి రాలేదు. రానివ్వలేదు. తిమ్మారెడ్డి నా భుజం తట్టి, అయ్యవారిది గుండె దిటవు, మగవాడంటే అట్లా ఉండాలని, అందరికీ వినబడేటట్టు అన్నాడు. ఆ మాటకు నాకు ఎక్కడో సంతోషం కూడా కలిగింది. అది దాచి ప్రయోజనం లేదు.

నాలుగో రోజు సుభద్ర గోడకు ఆనుకుని కూర్చుని, వెనక తలుపున ఎందుకు పంపించారని అడిగింది. నేను ఏదో చెప్పబోయాను. ఆమె చెయ్యి ఎత్తి ఆపింది. “బిడ్డ కోసం ఈ ఇంట్లో ఒక మగవాడు ఏడ్చాడు. అది మీరు కాదు,” అంది. 

ఆ సాయంత్రమే నేను చావడికి వెళ్ళాను. రెండేళ్ళ కిందట ఇక్కడ నేను చెప్పింది అబద్ధమని, సిద్ధప్పకు జరిగింది ఘోరమని, అందులో మొదటి దోషిని నేనని చెప్పాను.  వాళ్ళు నన్ను తిట్టలేదు. కొట్టలేదు. కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చారు. నేను మెట్లు దిగి వస్తుంటే తిమ్మారెడ్డి పక్కవాడితో అంటున్నాడు, బిడ్డ పోయిన దుఃఖంలో అయ్యవారు ఆడమనిషి లాగా అయిపోయినాడు పాపం అని. చూశారా, ఎంత గట్టి ఏర్పాటో. అబద్ధం చెప్పినప్పుడు నేను చదువుకున్న మగవాణ్ణి. నిజం చెప్పేసరికి ఆడదాన్నయ్యాను. ఆడదాని మాట కనక వినక్కరలేదు.

సుభద్ర మాత్రం చావడికి వెళ్ళలేదు. ఒంట్లో ఓపిక రాగానే సిద్ధప్ప గొర్రెల దొడ్డికి వెళ్ళింది. ఆ చేతిపని తనకు నేర్పమంది. అతను పొమ్మన్నాడు. మర్నాడు మళ్ళీ వెళ్ళింది. నెల రోజులు వెళ్ళింది. దొడ్డి గోడ పక్కన కూర్చోవడం, చూడటం, ఇంటికి రావడం. ఒకరోజు ఒక గొర్రె ఈనలేక చచ్చిపోతోంది. అతను చూస్తూ నిలబడ్డాడు. సుభద్ర లేచి, చేతికి ఆముదం రాసుకుని, తనకు తోచినట్టు ప్రయత్నించింది. చేతకాలేదు. చేతకాక ఏడ్చింది గానీ చెయ్యి తీయలేదు. అప్పుడు అతను వచ్చి, ఆమె పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, అట్లా కాదమ్మా, అది ముక్కేదాకా ఉండాల, అని ఆమె చేతి మీద తన చెయ్యి వేశాడు. రెండేళ్ళ తరవాత అతను ఆ పని చేయడం అదే మొదలు. ఆ గొర్రె బతికింది. సారాయి వెంటనే మానలేదు. పెళ్ళాం నమ్మకం వెంటనే తిరిగి రాలేదు. దెబ్బలు తట్టుకోలేక పుట్టింటికి పోయిన ఆమె వెనక్కి రావడానికి రెండేళ్ళు పట్టింది. కానీ ఆ రోజు నుంచి చేతులు మాత్రం మళ్ళీ అతనివయ్యాయి.

సుభద్ర ఇరవైఎనిమిదేళ్ళు ఆ చుట్టుపక్కల ఏడు ఊళ్ళలో కాన్పులు చేసింది. చీర కుచ్చెళ్ళు గోచీ పెట్టి బిగించి, వంక పొంగితే తాడు పట్టుకుని ఈదేది. ఎద్దులు బెదిరితే తనే పగ్గం పట్టి బండి తోలేది. తాగి వచ్చి పురిటి గదిలో రభస చేసిన ఒకణ్ణి మెడ పట్టి బయటికి తోసింది. మగరాయుడని పేరు పెట్టారు. ఆ పేరు వినబడితే పిలిచారా అని తిరిగి చూసేది. అంతకంటే పట్టించుకోలేదు. తిమ్మారెడ్డి మనవరాలికి కష్టమైన కాన్పు వచ్చినప్పుడు కబురు వచ్చింది. సుభద్ర సిద్ధప్పను వెంటబెట్టుకుని వెళ్ళింది. తిమ్మారెడ్డి అప్పటికి ముసలివాడు, అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అతన్ని పెరటి దారిన రమ్మను తల్లీ అన్నాడు. సుభద్ర అక్కడే వీధిలో నిలబడింది. “ఇద్దరం ముందు తలుపునే వస్తాం. లేకపోతే ఇద్దరం పోతాం,” అంది. లోపల నుంచి మనవరాలి అరుపు వినబడింది. ముసలాయన తన కర్ర తీసుకుని అరుగు దిగి పక్కకు జరిగాడు. ఇద్దరూ లోపలికి వెళ్ళారు. ఆ రోజు తల్లీ బిడ్డా క్షేమం. మర్నాడు ఊళ్ళో ఎవరూ దాని గురించి మాట్లాడలేదు. మాట్లాడకపోవడమే ఆ ఊరు ఇచ్చిన గౌరవం. సిద్ధప్ప పోయాక మేం ఇక్కడికి వచ్చాం. మన వైద్యశాలకు మొదటి మంచం వేసింది సుభద్రే.

గురువుగారు ఆగారు. అమ్మను, సుభద్రమ్మగారిని, నేను ఎరుగుదును. నేను ఆశ్రమంలో చేరిన తొలి ఐదేళ్ళూ ఆమె ఉన్నారు. ఆమెకు ఒక బిడ్డ పుట్టి పోయిందని మాత్రం నాకు ఆ రోజే తెలిసింది.

చీకటి పడుతోంది.  సుదర్శనం, కేశవులు దగ్గరికి వెళ్ళి క్షమించమని అడుగుతానన్నాడు.  అతనికి లేచి వెళ్ళాలని ఉంది గానీ, గురువుగారిని ఆ స్థితిలో వదిలి వెళ్ళడానికి మనసు ఒప్పుకోలేదు. ఓదార్పుగా ఏదైనా అనాలనిపించినట్టుంది. అప్పటికి మీరు చిన్నవాళ్ళని, ఊరంతా అలా ఉన్నప్పుడు ఒక్కరు ఏం చేయగలరని, తెలియక జరిగినదాన్ని ఇన్నేళ్ళు మోయడం ఎందుకని మెల్లగా అన్నాడు.

గురువుగారు అతని వైపు తిరిగారు. ఆయన పెదవులు కదలడం కనబడింది గానీ, మాట వినడానికి నేను ముందుకు వంగవలసి వచ్చింది.

“తెలియక కాదు. లోపల అతను ఏడుస్తుంటే, అది నా ఏడుపేనని నాకు తెలుసు. తెలిసే, చేతులు కట్టుకుని నిలబడ్డాను.”